సబ్బు మీద అక్షరం

సర్వే బాబాయికి మనుషుల మాట మీద నమ్మకం లేదు. అది ఆయన దుర్గుణం కాదు, ఉద్యోగం. ఒక సబ్బుల కంపెనీ తరఫున ఇల్లిల్లూ తిరిగి, జనం నిజంగా దేనితో ఒళ్ళు రుద్దుకుంటున్నారో కనుక్కోవడంలోనే ఆయన జుట్టు నెరిసింది.

కొత్తగా చేరినవాళ్ళకు ఆయన చేసే ఉపదేశం ఒక్కటే. "ఎలా ఉందమ్మా అని అడక్కండి. ఎదురుగా నిలబడ్డవాడితో బాగాలేదని చెప్పేంత పగ ఎవరికీ ఉండదు. చేతులు కడుక్కుంటానని లోపలికెళ్ళి సబ్బు చూడండి. దాని మీద అక్షరం అరిగితే వాడుతున్నట్టు. అరక్కపోతే మీకు మర్యాద చేస్తున్నట్టు."

ఈ మహాసిద్ధాంతాన్ని ఆయన భోజనాల దగ్గర కూడా ప్రవచించేవాడు. పిన్ని వడ్డిస్తూ ఊఁ కొట్టేది. ఆవిడ వింటోందని ఆయనకు తెలుసు. నేర్చుకుంటోందని తెలియదు.

రిటైరయ్యాక కొన్నాళ్ళు గోడలు చూస్తూ కూర్చున్న బాబాయి, ఒకనాడు చటుక్కున లేచి తానే సబ్బు తయారుచేశాడు. దాని మీద పిన్ని పేరులోని మొదటి అక్షరం అచ్చు వేయించాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు అన్నయ్య రాసిన మొదటి ప్రేమలేఖ ఇదేనని ఆయన చెల్లెలు ఎగతాళి చేసింది. బంధువులందరికీ తలా ఒకటి పంచాడు. అందరూ మెచ్చుకున్నారు. చెల్లెలైతే ఇక తమ ఇంట్లో వేరే సబ్బు ముట్టుకోబోమని మాటిచ్చింది. సొంతవాళ్ళ స్నానాలగదుల్లోకి తొంగిచూడటం ఏం సంస్కారమని బాబాయి తన సిద్ధాంతాన్ని అటకెక్కించాడు.

పూర్తిగా కాదు. పిన్ని వాడే వెనక స్నానాలగదిలోకి మాత్రం రోజూ వెళ్ళి చూసేవాడు. అక్షరం ఏ రోజుకారోజు కరుగుతోంది. శాస్త్రం సంతృప్తి చెందింది. రిటైర్మెంటు సొమ్మంతా పెట్టి వీధి చివర దుకాణం తెరవడానికి నిశ్చయమైంది. మర్నాడే ఒప్పందం.

ఆ శుభవార్త చెప్పడానికి చెల్లెలింటికి వెళ్ళాడు. టీ తాగేముందు చేతులు కడుక్కోవడానికి లోపలికి నడిచాడు. పాపం, నిజంగా కడుక్కోవడానికే. సబ్బుపెట్టెలో తన సబ్బు ఉంది. అక్షరం అప్పుడే అచ్చొత్తినట్టు నిగనిగలాడుతోంది, మీద సన్నటి దుమ్ము. దాని పక్కనే తన పాత కంపెనీ సబ్బు, తడితడిగా, సగానికి అరిగి, సిగ్గూ ఎగ్గూ లేకుండా పడుకుని ఉంది.

చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది. "వదినే చెప్పిందన్నయ్యా, అందర్నీ బాగుందనమని. ఈ సబ్బు పుణ్యమా అని నువ్వు మళ్ళీ మనిషివయ్యావట. ఆ ముచ్చట చెడగొట్టొద్దంది."

దారి పొడుగునా బాబాయికి ఒకటే ఊరట. అందరిచేతా అబద్ధమాడిస్తే ఆడించింది, తను మాత్రం వాడుతోంది. సాక్ష్యం స్నానాలగదిలోనే ఉంది. ఇంటికి చేరగానే ఆ అరిగిన సబ్బు తెచ్చి పిన్ని ముందు పెట్టాడు.

"మరి ఇదెలా అరిగింది?"

పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుంది. "రోజూ కాసేపు కుళాయి కింద పట్టి తిప్పుతాను. మీరొచ్చి చూస్తారుగా. దాంతో రుద్దుకుంటే ఒళ్ళంతా మంటండీ. మీ తోలు మందం, మీకు తెలీదు."

"నాకో మాట చెప్పొచ్చుగా."

"ఎలా ఉందని మీరడిగితేగా? వచ్చారు, సబ్బుని చూశారు, పోయారు."

బాబాయి దుకాణం యజమానికి ఫోన్ చేసి ఒప్పందం వద్దన్నాడు. సొమ్ము దక్కింది. దక్కిందన్న సంతోషం మాత్రం ఎక్కడా దొరకలేదు. తన పేరులోని అక్షరాన్నే తన చేత్తో అరగదీసిన మనిషి ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అయితే ఇప్పుడు నువ్వు ఏం వాడుతున్నావు?" అని అడిగాడు చివరికి.

ఆవిడ చెప్పింది. నమ్మాలో వద్దో తేల్చుకోలేక, వెళ్ళి చూసొద్దామని లేవబోయాడు. చూస్తే మాత్రం ఏం తెలుస్తుందిలే అని మళ్ళీ కూర్చున్నాడు.