బాలశౌరికి వినపడని చప్పుడు

పామర్రు సెంటరులో బాలశౌరిది చిన్న బ్యాటరీ కొట్టు. ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లలో ఏ కారు మొరాయించినా అతనికే కబురొచ్చేది. వెళ్లగానే తాళం తిప్పమని, తల వంచి వినేవాడు. టకటకా వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో బలం లేదని, ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే స్టార్టర్ మోటారు పోయిందని చెప్పేవాడు. బ్యాటరీ బలం కొలిచే మీటరు సంచిలోనే ఉండేది.

రెండేళ్లుగా అతనికి చెవులు మందగించాయి. డాక్టరుకి చూపించుకోమని భార్య తెరేసమ్మ పోరితే, "నువ్వే గొణుగుతున్నావు" అని కొట్టిపారేసేవాడు. చెవులు పోయాయని తెలిస్తే ఇంక తన దగ్గరికి ఎవరొస్తారని లోపల భయం.

కిందటేడు వానాకాలంలో ఒక పొద్దున తెరేసమ్మ ఫోనెత్తి, అతని చెవి దగ్గర గట్టిగా చెప్పింది. కూచిపూడిలో వెంకటకృష్ణారావు మాస్టారి కారు కదలడం లేదు. బెజవాడ ఆసుపత్రిలో ఉన్న వాళ్లమ్మకి ప్రాణం మీదికొచ్చింది.

బాలశౌరి వెళ్లేసరికి మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వాకిట్లోనే నిలబడి ఉన్నారు.

"బస్సుకి పోనా, బాలశౌరీ?"

"ఎందుకండీ? అరగంటలో మీ కారే ఎక్కుదురుగాని."

తాళం తిప్పించాడు. అతనికి ఏదో ఒక్క చప్పుడు, అదీ లీలగా తెలిసింది. డాష్‌బోర్డు మీద లైట్లు వెలుగుతున్నాయి. బ్యాటరీ బాగానే ఉందనుకుని, కారు కిందికి దూరి స్టార్టర్ మోటారు విప్పాడు. తుప్పు పట్టిన బోల్టులు ఒక పట్టాన ఊడలేదు. తీరా తను తెచ్చిన బ్యాటరీ తగిలించి చూస్తే మోటారు గిర్రున తిరిగింది.

అప్పుడు తీశాడు మీటరు. పన్నెండున్నర వోల్టులు చూపించాల్సిన కారు బ్యాటరీ పదకొండు దగ్గరే ఉంది. అప్పటికే గంటన్నర గడిచింది.

గబగబా మోటారు బిగించి, తన బ్యాటరీ కలిపి తలెత్తాడు. మాస్టారు అరుగు మీద కూలబడి ఉన్నారు. ఫోన్ ఒళ్లో ఉంది. అది ఎప్పుడు మోగిందో బాలశౌరికి తెలియదు.

కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. తొందరపడాల్సిన పని ఇంక లేదు.

పెద్దకర్మ అయ్యాక బాలశౌరి మళ్లీ కూచిపూడి వెళ్లాడు. అరుగు కింద నిలబడి అడిగాడు.

"ఆ రోజు తాళం తిప్పినప్పుడు మీకేం వినపడిందండీ?"

"టకటకా కొట్టుకుందయ్యా. ఏం?"

"నాకు వినపళ్లేదండి. రెండేళ్లుగా సరిగ్గా వినపడదు. ఎవరికీ చెప్పలేదు. బ్యాటరీ ఒకటే వీకండి, పది నిమిషాల పని. మిమ్మల్ని బస్సెక్కనియ్యకుండా నేనే ఆపాను."

మాస్టారు వాకిట్లో ఉన్న కారు కేసి చూశారు.

"అమ్మ ఆఖరిదాకా తలుపు వంకే చూసిందంట" అన్నారు. అతనికి వినపడాలని గట్టిగానే అన్నారు. తరవాత లోపలికి వెళ్లిపోయారు.

వానలో తడుస్తూనే ఇంటికొచ్చిన బాలశౌరి, ఆ వారంలోనే చెవి మిషను పెట్టించుకున్నాడు. ఇప్పుడు ఏ బండి దగ్గరికెళ్లినా ముందు మీటరు తీస్తాడు. తనకి చెవులు సరిగ్గా వినపడవని అడక్కుండానే చెబుతాడు. కొందరు రావడం మానేశారు. అందుకతనికి బాధ లేదు. మాస్టారు మాత్రం సెంటరులో ఎదురైనప్పుడు తల పంకించి వెళ్లిపోతారు, మాట్లాడరు. బాలశౌరి నమస్కారం పెట్టి, ఆయన మలుపు తిరిగేదాకా అలాగే నిలబడతాడు.