అత్తమ్మ నడుము కోసం పాత మోటార్‌హోమ్‌కు కొత్త కమాన్లు

కరోనా మొదటి ఏడాది హోటళ్లలో దిగాలంటే భయపడి పన్నెండేళ్ల పాత మినీ బస్సు కొన్నాం. లోపల మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించాం. అసలు కారణం మా అత్తమ్మ. సూరత్‌లో ముప్పై ఏళ్లు మరమగ్గాలకు కండెలు చుట్టి ఆమె నడుము పాడైంది. రైల్లో అంతసేపు కూర్చోలేదు. సిరిసిల్లలో ఉన్న చెల్లెల్ని చూసి రెండేళ్లు దాటింది. పడుకొని వెళ్లొచ్చు కదా అనుకున్నాం. కానీ సాపుతారా కొండలకు వెళ్లొచ్చిన తొలి ప్రయాణానికే మూడు రోజులు మంచం దిగలేదు. "నాతోని గాదు. బండి అమ్ముండ్రి" అంది.

అమ్మేముందు ఒక్క ప్రయత్నం చేద్దామనుకున్నాను. 2021 చలికాలం, అందరికీ రెండో డోసు కూడా పడింది. మా ఆయన హజీరాలో డ్యూటీకి వెళ్తే, అత్తమ్మను వెనక మంచం మీద పడుకోబెట్టి పొద్దున ఏడున్నరకు సూరత్ అడాజన్‌లోని మా ఇంటి నుంచి నేనే బండి తీశాను. తాపీ వంతెన దాటి, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ గోడాదరా చేరేసరికి ఎనిమిదిన్నర. బండి కుదుపు ఆపే ఇనుప పట్టీల కమాన్లు కట్టే మల్లేశం అన్న ఊరు సిరిసిల్ల దగ్గరే. మగ్గం పని వదిలి పదిహేనేళ్లుగా ఇక్కడ షెడ్డు నడుపుతున్నాడు. "అవ్వను గూడ తీస్కరా" అని ఫోన్‌లో ఆయనే చెప్పాడు.

నాకు కావలసింది నాకు తెలుసు. "వెనక చెరోపక్క రెండు పట్టీలు ఎక్కువ వేయండన్నా, బండి గట్టిగా నిలబడాలి" అన్నాను.

"ఎక్కువేస్తే బరువు ఆగుతది చెల్లె, గని అవ్వ నడుము ఆగది" అన్నాడాయన. మాస్కు సర్దుకుని అత్తమ్మ వైపు తిరిగాడు. "ఏడ కొడ్తుందే అవ్వా?"

"ఎడమ దిక్కు, నా కాళ్ల కింద. గుంతల పడ్డప్పుడు ఒక్కపారి గాదు, రెండుమాట్ల కొడ్తది. మగ్గం సాంచెకు బుష్ అరిగితే గిట్లనే చప్పుడైతది. నాకెర్క లేదా?"

ఆ మాట సాపుతారా నుంచి వచ్చినప్పుడే నాతో కూడా అంది. బండంటే ఇష్టం లేక అంటోందనుకున్నాను.

మల్లేశం అన్న ఎడమ చక్రం పైకెత్తి కమాను విప్పాడు. బుష్‌లు అరిగి వదులైపోయాయి, రెండో పట్టీ విరిగి ఉంది. బరువైన నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు రెండూ అటువైపే పెట్టించింది నేనే. ఆయన బ్యాటరీలు కుడివైపుకు మార్చి, వెనక రెండు కమాన్లకూ కొత్త పట్టీలు, బుష్‌లు వేసి, నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్చేసరికి నాలుగైంది. కూలితో కలిపి ఇరవై ఏడు వేలు. మధ్యాహ్నం వాళ్లావిడ జొన్నరొట్టెలు, పప్పు పంపింది.

సాయంత్రం బండి ఎలా నడుస్తుందో చూద్దామని కడోదరా మీదుగా బార్డోలీ దారి పట్టాం. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా అద్దంలో అత్తమ్మ ముఖం చూశాను. అరగంటయ్యాక "జర ఆపు పిల్లా" అంది. బండి పక్కకు ఆపాను. వెనక్కి వెళ్లి చూస్తే లేచి కూర్చుని కిటికీలోంచి బయటికి చూపిస్తోంది.

"చెరుకు రసం తాగుదాం."

రసం తాగుతూనే చెల్లెలికి వీడియో కాల్ చేసింది. "ఐతారం ఎల్తున్నం. పడుకునే వస్త" అంది. ఆదివారం బయల్దేరి, తొమ్మిది వందల కిలోమీటర్లు దాటి మూడు పగళ్లలో సిరిసిల్ల చేరాం. దారిలో ఆమె బండి గురించి ఒక్క ఫిర్యాదూ చేయలేదు.

ఆ మూడు రోజులూ నన్ను బాధపెట్టింది ఒక్కటే. మెకానిక్ కంటే ముందే బండి జబ్బు కనిపెట్టిన మనిషి మా ఇంట్లోనే ఉంది. నేను ఆమె వయసు చూశాను, మాట వినలేదు. జీవితమంతా యంత్రాల చప్పుడు మధ్య గడిపిన ఆమెకు ఏ చప్పుడు మంచిదో, ఏది కాదో నాకన్నా బాగా తెలుసు.

పాత బండికి కమాన్లు మార్పించే ముందు ఒక పని చేయండి. ట్యాంకు నిండా నీళ్లు పోసి, సామానంతా ఎక్కించి, స్టీరింగ్ ఇంకొకరికిచ్చి, ఆ వెనక మంచం మీద అరగంట మీరు పడుకోండి. నేను ఆ పని ఒక్కసారీ చేయలేదు.