ఎర్ర గీత కింది మాటలు

2022 వానాకాలం. నేను పాఠాలు చెప్పే కాలేజీలో సోషల్ వర్క్ రెండో ఏడాది పిల్లలను వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్‌కి, అంటే జనం మధ్య పనిచేస్తూ నేర్చుకోవడానికి, పంపేవాళ్లం. వాళ్లలో స్వప్నకు నానక్‌రామ్‌గూడలో పిల్లల కేంద్రం వచ్చింది. లేస్తున్న టవర్ పక్కనే, కూలీల రేకుల షెడ్లలో నడిచేది. లింగంపల్లి నుంచి షేర్ ఆటోలో వెళ్లేది.

వెళ్లొచ్చిన ప్రతిసారీ ప్రాసెస్ రికార్డింగ్ రాయాలి. ఎవరేమన్నారు, మనమేం చేశాం అని పూసగుచ్చినట్టు రాసే నివేదిక అది. అందులో 'నాకు అనిపించింది' అన్న మాట కనబడితే నా ఎర్ర పెన్ను ఊరుకునేది కాదు. నాకు నేర్పినవాళ్లూ నావి అలాగే కొట్టేశారు. అదే వృత్తి మర్యాద అనుకున్నాను.

కేంద్రంలో గౌరి అని నాలుగేళ్ల పిల్ల ఉండేది. స్వప్న వెళితే చాలు, ఒళ్లోకి ఎక్కి ఆమె చున్నీ కొసను వేలికి చుట్టుకుని కూర్చునేదట. ఒక గురువారం స్వప్న వెళ్లేసరికి సగం షెడ్లు ఖాళీ. గౌరి వాళ్లను మేస్త్రీ ఇంకో సైటుకు తీసుకెళ్లాడు. ఎక్కడికో కేంద్రం వాళ్లకూ తెలియదు.

ఆ రోజు స్వప్న ఇలా రాసింది: "గౌరికి పోయొస్తానని కూడా చెప్పలేదు. చున్నీ కొస చూస్తే ఏడుపొచ్చింది. ఇంకో పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవాలంటే భయంగా ఉంది." నేను ఆ మూడు వాక్యాలూ కొట్టేసి, పక్కన 'విషయం రాయండి' అని రాశాను. అదే విషయమని నా బుర్రకు తట్టలేదు.

తర్వాత ఆమె రికార్డింగులు అచ్చం పుస్తకంలా తయారయ్యాయి. ఒకదాన్ని క్లాసులో చదివి వినిపించి, అందరూ ఇలా రాయాలన్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

డిసెంబర్‌లో వచ్చి, కోర్సు మానేస్తున్నానంది.

"ఇంత బాగా రాస్తున్నావు కదా, ఏమైందమ్మా?"

"బాగనే రాస్తున్న మేడం. నిన్న ఒక పిల్ల ఏడుస్తుంటే, ఎన్ని నిమిషాలు ఏడ్చిందని వాచీ చూస్కున్న. ఎత్తుకోలే. గిట్లైతే ఇగ ఈ పని నాకొద్దు."

"కొన్నాళ్లు ఆగు. కూర్చుని మాట్లాడుకుందాం."

"అప్పుడడిగితే చెప్తుంటి మేడం."

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. మర్నాటి నుంచి రాలేదు. హైటెక్ సిటీలో ఏదో ఆఫీసు రిసెప్షన్‌లో చేరిందని తోటివాళ్లు చెప్పారు. ఒకసారి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేయడానికి మొహం చెల్లలేదు.

ఇప్పుడు సూపర్‌విజన్‌లో, అంటే ఒక్కొక్క విద్యార్థితో విడిగా కూర్చునే గంటలో, మొదట 'నీకేమనిపించింది' అనే అడుగుతాను. ఏడుపొస్తే రానిస్తాను. దానితో ఏం చేయాలో ఇద్దరం కలిసి చూస్తాం. తన మనసును దాచుకోమని చెప్పి, ఎదుటివాళ్ల మనసు తెలుసుకోమంటే ఏ పిల్లకూ సాధ్యం కాదని స్వప్న వల్ల తెలిసింది. ఆలస్యంగా తెలిసింది.

ఆమె రికార్డు నా బీరువాలో ఉంది. ఎర్ర గీత కింద ఆ మూడు వాక్యాలూ ఇంకా కనబడతాయి. లింగంపల్లి దారిన వెళ్లినప్పుడల్లా షేర్ ఆటోల్లోకి తొంగిచూస్తాను. స్వప్నను ఒక్కసారి చూడాలనుంది. కనబడితే ఒక్కటే అడగాలి: "ఆ గురువారం నీకేమనిపించిందమ్మా?"