దొరసాని గౌను

ఎవరైనా జెండాలు ఊపుకుంటూ రోడ్డుకు అడ్డం నిలబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్తాను.

మా యాలాల్‌లో ఒక తెల్ల నర్సమ్మ ఉండేది. ఇంగ్లండు నుంచి వచ్చి, మన స్వరాజ్యం కోసం తనవాళ్ల మీదే తిరగబడి జైలుకు పోయింది. బయటికొచ్చాక మా ఊళ్లో గుడిసె వేసుకుని, నూలు వడుకుతూ, కాన్పులు చేస్తూ ఉండిపోయింది. కట్టేది ఖద్దరు చీరే. దొరసాని అని పిలిస్తే ముఖం మాడ్చుకునేది.

నలభై ఎనిమిదో సంవత్సరం వానల్లో నాకు తొలికాన్పు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. వికారాబాద్ ఆస్పత్రికి పోతే తప్ప లాభం లేదంది నర్సమ్మ. రైళ్లు లేవు. దారి పొడుగునా రజాకార్లు, ఖద్దరు కనబడితే ప్రాణాలు తీసేవాళ్లు. ఆమె ట్రంకు అడుగు నుంచి పాత గౌను తీసి తొడుక్కుంది. విప్పిన చీరను మడిచి ఎడ్లబండిలో నా కింద పరిచింది.

రజాకార్లు గౌను చూసి సలాం కొట్టి తప్పుకున్నారు. మా ఆయన ఎడ్లను అదిలించాడు. బతికిపోయాననుకున్నాను.

వికారాబాద్ మొదట్లో మూడు రంగుల జెండాలు. నిజాం లొంగిపోయాడట, మాకేం తెలుసు! ఆ గుంపు కూడా గౌనునే చూసింది. నిజాంకు తుపాకులు తెచ్చిన తెల్లవాళ్ల మనిషి పారిపోతున్నదని ఎడ్లను విప్పేశారు, వాళ్ల చేతులు పడిపోను. ఆమె తెలుగులోనే బతిమాలింది, తన జైలు సంగతి చెప్పింది. నవ్వారు.

“మీ కాల్మొక్త, నా పెండ్లాం సచ్చిపోతున్నది,” అన్నాడు మా ఆయన.

అంతవరకూ కడుపులో బిడ్డ కదలడం నాకు తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత తెలియలేదు. నా అరుపుకు ఒక ముసలాయన బండిలోకి తొంగిచూశాడు. నా కింద రక్తంలో నానిన ఖద్దరు కనబడింది. వదిలేయమని గుంపును కసిరాడు.

ఆస్పత్రిలో నన్ను బతికించారు. బిడ్డ అప్పటికే పోయింది. ఆడపిల్ల. నా కడుపు అట్లా కాలిపోయింది.

మర్నాడు నర్సమ్మ ఆ చీరను ఉతికి, మరక పూర్తిగా వదలకపోయినా అందులోనే పిల్లను చుట్టింది. కట్టుకోవడానికి మరో చీర లేక గౌనుతోనే ఎత్తుకుని, పూడ్చడానికి గుట్ట కిందికి నడిచింది. నేను మంచం దిగలేకపోయాను. మా ఆయన వెంట పోయాడు. దారిలో నిన్నటివాళ్లే దండం పెట్టి, దొరసానీ అంటూ పక్కకు జరిగారట.

ఆమె ఏమన్నదని మా ఆయనను అడిగాను.

“పిల్లను గట్టిగ పట్టుకొని, తలకాయ వంచుకొని పోయింది.”