పొగ లేని బీరు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా బాబెట్ వదిన నోరు ఏమంత మంచిది కాదు. అయినా జర్మనీలోని మా బాంబెర్గ్ ఊరంతా ఆమెకు మంచిదే. దానికి కారణం ఆమె నాలుక.

మాది ఉల్లితోటల పేట. కాళ్ళకు చెక్కపలకలు కట్టుకుని ఉల్లికాడలను తొక్కి పడుకోబెడతాం, గడ్డ బాగా ఊరాలని. అందుకే కొండమీది వాళ్ళు మమ్మల్ని ‘ఉల్లి తొక్కేవాళ్ళు’ అని ఎగతాళి చేస్తారు. చేయనీ. మా ఉల్లి లేకపోతే వాళ్ళ కుండల్లో ఏముంటుందో నాకు తెలియదా! వదిన నా భర్తకు అక్క. పిల్లల్లేరు. భర్త ఎర్‌హార్ట్ పోయాక ఆమె ఇంట్లో పొయ్యి వెలిగించడం దాదాపు మానేసింది. ఊరే ఆమె వంటిల్లయింది.

పొద్దున్నే నది ఒడ్డు బేకరీలో వెన్న కొమ్ము, అంటే కొమ్ములా వంచి కాల్చిన వెన్న రొట్టె. అది పొరలు పొరలుగా రాలి ఒళ్ళో పడుతుంది. మధ్యాహ్నం మాంసం కొట్లో నిలబడే వేడి సాసేజి, పక్కన ఆవముద్ద. సాయంత్రం పాంక్రాత్స్ బీరుశాలలో పొగ బీరు, కట్టెల పొగ పట్టించిన బార్లీతో అతనే కాచే నల్ల బీరు. వేసవి వస్తే మాత్రం అందరం బుట్టల్లో ముల్లంగి, జున్ను, రొట్టె పెట్టుకుని నేలమాళిగ మీదికి ఎక్కుతాం. అవును, మా ఊళ్ళో నేలమాళిగలోకి దిగరు, దాని మీదికి ఎక్కుతారు. కొండ కింద గుహల్లో బీరు చల్లగా నిద్రపోతుంది, పైన చెట్ల నీడలో మేం దాన్ని తాగుతూ కూర్చుంటాం. తిండి ఎవరిది వాళ్ళదే అయినా చివరికి అందరి చేతులూ వదిన బుట్టలోనే ఉంటాయి.

ఆ జనవరిలో వచ్చిన జ్వరం వదిన ముక్కును పట్టుకుపోయింది. వాసన పోయింది, దానితో పాటే రుచీ పోయింది. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. వదిన మాత్రం తిరగడం మానలేదు. మంచు కమ్మిన పొద్దుల్లో అదే వంతెన దాటేది, అదే కిటికీ పక్కన కూర్చునేది, కొమ్ము తుంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేది. బయట నది కనిపించేది కాదు, చప్పుడు మాత్రం వినిపించేది. ఆమె ముఖంలో ఏదో నెమ్మదిగా వెలిగేది.

“ఏం తింటున్నావు వదినా?” అని అడిగాను ఒకరోజు.

“నా పెళ్ళైన ఏడాది వేసవిని తింటున్నానే ఇర్మా. మాట్లాడించకు, చల్లారిపోతుంది.”

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమె పక్కన కూర్చుంటే నాకూ ఆ పాత వేసవి అందేది. వెన్న కరుగుతున్న పెనం, ఎవరో పెరట్లో ఆరేసిన దుప్పట్లు, బీచ్ చెట్టు కట్టెల మంట మీద మొలకెత్తిన బార్లీ ఆరబెట్టే రోజున సందుల్లో కమ్ముకునే పొగ. నిజంగా తిన్నదానికంటే ఆమె చెప్పిందే ఎక్కువ రుచిగా ఉండేది.

భయమంతా శరత్కాలం గురించే. ఆ ఏటి మొదటి ఉల్లిగడ్డల్లో మాంసం కూరి, కాల్చి, పొగ బీరు పోసి దించుతాడు పాంక్రాత్స్. ముందు వదిన రుచి చూడాలి. ఆమె తలూపాకే వంటగది నుంచి మిగతా పళ్ళేలు కదులుతాయి. అతని తండ్రి నాటి నుంచీ అదే వరస.

“నాలుక చచ్చిందని తెలిస్తే ఆ బల్ల దగ్గర నాకేం పనే? ‘పాపం ముసలిది, ఓ సూపు పడేయండ్రా’ అంటారు. సూపు తాగి బతకమంటావా?” అంది వదిన. ఆమె గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు.

ఆ రోజు రానే వచ్చింది. బల్ల చుట్టూ పేటవాళ్ళందరూ చేరారు. పాంక్రాత్స్ పళ్ళెం తెచ్చి పెట్టాడు, నల్లటి బీరూ పోశాడు. వదిన ముందు బీరు గుటకేసింది. కళ్ళు మూసుకుంది.

“ఇవాళ పొగ బాగా కుదిరింది పాంక్రాత్స్. ఎండిన కట్టె వాడినట్టున్నావు.”

నేనూ ఒక గుటక వేశాను. అందులో పొగ లేదు. పక్క ఊరి నుంచి తెప్పించే మామూలు నల్ల బీరు అది. రంగొకటే కావడంతో కంగారులో పీపా మార్చి పోసేశాడు.

పొగలో పుట్టి పొగలో పెరిగిన పేటలో ఇది దాగే తప్పు కాదు. ఎదురుగా ఉన్న లూట్విగ్ ఊరుకోవచ్చుగా, “ఇందులో పొగా? కలగంటున్నావా బాబెట్టూ?” అని పకపకా నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. వదిన కళ్ళు తెరిచి మా ముఖాలు ఒక్కొక్కటే చూసి లేచింది.

“పదవే ఇర్మా.”

పాంక్రాత్స్ దారికి అడ్డం వచ్చాడు. “తప్పు నాది. పీపా మార్చి పోశాను.”

“నీ పీపా సంగతి సరే, నా ముక్కు సంగతేంటి? జనవరి నుంచి ఏమీ తెలియట్లేదయ్యా. ఇన్నాళ్ళూ మిమ్మల్ని మోసం చేశాను. చాలా?”

అతను బల్ల దగ్గరికి వెళ్ళాడు. పళ్ళెంలోంచి ఒక ముక్క కోసి తన నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, తెల్లముఖం వేశాడు.

“నాకేం తెలియట్లేదు,” అన్నాడు.

“నీకూ జ్వరమొచ్చిందేంటి?”

“రాలేదు. ఇన్నేళ్ళూ బాగుందో లేదో నువ్వే చెప్పావు, నేనెప్పుడు నేర్చుకున్నాను? అడుగు, చెప్తాను.”

వదిన నిలబడే అడిగింది. “మిరియం ముందు తగిలిందా, తర్వాతా?”

“తర్వాత. గొంతు దగ్గర.”

“మాంసంలో కలపకుండా పైన చల్లుంటావు, బద్ధకస్తుడా! ఉల్లి పొర జారుతోందా, పళ్ళకి అడ్డం పడుతోందా?”

“పడుతోంది.”

“ఇంకాసేపు పొయ్యిలో ఉండాలి. పోయి పెట్టు.”

వంటగదిలో పని మళ్ళీ కదిలింది. లూట్విగ్ తల వంచుకున్నాడు. ఈసారి సరైన పీపాలోంచి బీరు వచ్చింది. పాంక్రాత్స్ తాగాడు.

“పొగ ఎలా ఉంది?” అంది వదిన. ఈ ప్రశ్నకి మాత్రం ఆమె కళ్ళు మూసుకుంది.

అతను మాటల మనిషి కాదు. గ్లాసు చేతిలో తిప్పుతూ వెతుక్కున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“నువ్వు తలుపు తీసుకుని లోపలికొచ్చినట్టుంది,” అన్నాడు చివరికి. “రోజూ సాయంత్రం వస్తావే, అట్టా.”

వదిన తిరిగి బల్ల దగ్గరికి నడిచింది. ఆమె కూర్చుంది. కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే కూర్చుంది. పాంక్రాత్స్ ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించాడు. నేను బెంచీ మీద పక్కకి జరిగాను, ఆమె పక్కన అతనికి చోటు కావాలి కదా.