మూతకో పేరు, డబ్బాకో పేరు

ఆ సముద్ర ప్రయోగశాలలో బ్రష్షక్కకు తెలియని పగడపు రాయి లేదు. పళ్ల బ్రష్షుతో ఆమె తోమిన రాళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే చందమామ మోకాలికి తగులుతాయి. కావాలంటే వెళ్లి కొలుచుకోండి.

రాళ్ల మీది గోధుమరంగు జిగురులో డయాటమ్‌లుంటాయి. కంటికి ఆనని నాచు, ఒంటి చుట్టూ గాజు పెంకు. బ్రష్షక్క ఆ జిగురును యాసిడ్‌లో ఉడికిస్తుంది. జీవం పోయి గాజు మిగులుతుంది. దాన్ని స్లైడు మీద అతికించి, పేరు రాసిన చీటీ మీద సంతకం చేస్తుంది. స్లైడు ఎవరు చేస్తే సంతకం వాళ్లదే, అదీ అక్కడి కట్టుబాటు. పేరు పెట్టేది మాత్రం పెద్దసారు.

ఆ వారం పెద్దసారు నేల మీద నడవడం లేదు. ఒకేసారి రెండు కొత్త జాతులు! ఒకదాని పెంకుకు నడుమ సన్నని చీలిక, రెండోదానికి లేదు.

"సంతకం పెట్టను సార్," అంది బ్రష్షక్క.

"ఏం? చెయ్యి నొప్పా?"

"చెయ్యి బాగానే ఉంది. అవి రెండు కాదు, ఒకటే. ఏ స్లైడులో చూసినా రెండూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే లెక్క. ఈ పెంకూ మీ టిఫిన్ డబ్బా లాంటిదే, అడుగొకటి, మూతొకటి. యాసిడ్‌లో ఉడికితే మూత ఊడదూ?"

"తొమ్మిదో తరగతి తప్పినదానివి నాకు పాఠం చెప్తావా?"

"తప్పలేదు సార్, మానేశా. తేడా ఉంది."

సారు ముఖం ఎర్రబడింది. "సాయంత్రంలోగా సంతకాలు పడాలి. లేదా రేపట్నుంచి సీసాలు కడిగే గదికి పో."

సామాన్ల గది చూసే పిన్ని పరుగున వచ్చింది. ఈ పని ఇప్పించింది ఆవిడే. "గీకి పారెయ్యవే తల్లీ! నీ సొమ్మేం పోయింది?"

"నా పేరు పోతుంది పిన్నీ. ఉన్నదే ఒక్కటి."

బ్రష్షక్క తొట్టిలోంచి తడి రాయి తీసింది. తోమింది. ఈసారి యాసిడ్ జోలికి పోలేదు. జిగురు చుక్కను పలచని గాజు బిళ్ల మీద వేసి, వేడి పలక మీద పెట్టి కాల్చింది. అలా కాలిస్తే లోపలిది బూడిదవుతుంది గానీ మూత ఊడదు. మూడు బిళ్లలు చిట్లాయి. పిన్ని మూడుసార్లూ అయ్యో అంది. నాలుగోది నిలిచింది.

మైక్రోస్కోపు కింద పెట్టి సారును పిలిచింది. "చూడండి."

"చీలిక ఉంది. అయితే?"

"మరను వెంట్రుకవాసి కిందికి తిప్పండి."

సారు తిప్పాడు. చీలిక మాయమైంది. అదే పెంకు, అదే చోటు. పైకి తిప్పితే మూత మీద చీలిక, కిందికి తిప్పితే అడుగున లేదు. పైకీ కిందికీ ఎన్నిసార్లు తిప్పాడంటే, ఇంకో అరగంట తిప్పితే ఆ మరలోంచి వెన్న వచ్చేది.



సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు.

"చీటీలు... చీటీ పట్రా," అన్నాడు గోడకేసి చూస్తూ.

బ్రష్షక్క జేబులోంచి తీసింది. ముందే సంతకం చేసి ఉంచుకుంది. ఒక్కటే తెచ్చుకుంది కూడా.