సూది మీద వేసిన నింద

పాపకి ఏడాదిన్నరప్పుడు టీకా వేయించాం. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. శ్రీకాకుళం నుంచి రాయ్‌పూర్ వచ్చి ఎన్నేళ్ళయినా, మా ఇంట్లో జ్వరానికి ఒకటే వైద్యం: లంకణం. అత్తగారు పాలగిన్నె తీసేశారు. నేను వేడినీళ్ళు తప్ప ఏమీ పట్టలేదు. పొద్దున్నకి పిల్ల పిలిస్తే పలకలేదు.

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచింది. పరీక్షల్లో పుట్టుకతో వచ్చిన అరుదైన లోపం బయటపడింది. కడుపు ఖాళీ అయితే మనకి ఒంట్లో కొవ్వు కరిగి శక్తినిస్తుంది, పాపకి ఆ పని జరగదట.

"ఈ పిల్లని పస్తు ఉంచొద్దు. జ్వరంలో అసలే వద్దు. టీకాలు మాత్రం మానకండి, ఆ జబ్బులే వస్తే తట్టుకోలేదు" అన్నాడు డాక్టరు.

అత్తగారు మాత్రం దగ్గర్లోని తిల్దా ఊళ్ళో చుట్టాల దాకా ఒకటే చెప్పుకొచ్చారు: "ఆ సూదే పిల్లని పాడు సేసినాది." అది తప్పని నేనూ ఎవరికీ చెప్పలేదు. తప్పు సూది మీద ఉంటే నాకూ హాయిగానే ఉండేది, ఎందుకు దాచాలి?

అయిదేళ్ళ టీకా రోజున, ఆపడానికే అన్నట్టు అత్తగారూ ఆరోగ్య కేంద్రానికి వెంట వచ్చారు. నర్సు కార్డు చూసి, వెయ్యొచ్చని డాక్టరు రాసిచ్చిన చీటీ నా చేతిలో ఉన్నా, హిందీలో తేల్చేసింది.

"ఈ పిల్లకి వెయ్యను. పోయినసారి సంగతి కాలనీ అంతా చెప్పుకుంటోంది. ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?"

నాకు ఒళ్ళు మండింది. బల్ల మీద కూర్చున్న తల్లులందరికీ వినబడేలా నేనూ హిందీలోనే అన్నాను.

"సూది ఏమీ చెయ్యలేదు. జ్వరంలో పిల్లని పస్తు పెట్టింది నేను. కావాలంటే రాసుకోండి. ఈసారి గంటగంటకీ తినిపిస్తాను, ఒళ్ళు వేడెక్కితే ఆసుపత్రికి పరిగెడతాను. టీకా వెయ్యందే ఇక్కణ్ణించి కదలను."

నర్సు చీటీ మళ్ళీ చదివి, పెద్ద డాక్టరుకి ఫోన్ చేసింది. "సరే, కూర్చోబెట్టండి" అంది.

అత్తగారు లేచారు. పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోతారనుకుని అడ్డం నిలబడ్డాను. ఆవిడ నన్ను పక్కకి నెట్టి, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చొక్కా చెయ్యి పైకి మడిచారు.

"నువ్వొక్కర్తివే ఏటి? గిన్నె లాగేసినాది నాను. ఎయ్యమను. సంచీలో జావ ఉంది, అయ్యాక పట్టు."